కంద తినండి, కాస్త అన్నం తగ్గించి: ఎలా?

కార్తీకమాసం వచ్చిందంటే కోనసీమ ఇళ్లలో కంద బచ్చలి ఉండాల్సిందే. కొబ్బరి, అరటి తోటల్లో అంతరపంటగా వేసిన కంద ఆ రోజులకే సంతల్లోకి దిగుతుంది. మనం దీన్ని కూరల లెక్కలో వేస్తాం గానీ, అన్నంలాగే ఇదీ పిండిపదార్థమే. కాకపోతే 100 గ్రాముల కందలో సుమారు 80 కేలరీలుంటే, అంతే బరువు ఉడికిన అన్నంలో 130 దాకా ఉంటాయి. తెల్లన్నంలో అంతగా దొరకని పీచు, పొటాషియం కందలో బాగా దొరుకుతాయి. పళ్లెం నిండా అన్నం పెట్టుకుని పైన కంద వేపుడు వేసుకుంటే మాత్రం ఒరిగేదేమీ లేదు.

ఎంపిక: గట్టిగా, బరువుగా ఉన్న దుంప తీసుకోండి. కోసి అమ్మే ముక్కైతే కోసిన చోట జిగట, బూజు ఉండకూడదు. దొరికితే గజేంద్ర రకం అడగండి. కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఈ రకానికి దురద తక్కువ.

కోయడం: కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, కత్తిపీట ముందు కూర్చున్న చేతికి మాత్రం తప్పదు. కందలో కంటికి కనిపించనంత సన్నని కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి, అవి గుచ్చుకునే ఈ దురద. చేతులు తడి లేకుండా తుడుచుకుని నూనె రాసుకోండి. చెక్కు మందంగా తీసి, మట్టి పోయేదాకా ముక్కలు రెండు మూడు నీళ్లలో కడగండి.

ఉడికించడం: అసలు పని ఇక్కడే. ఉప్పు, పసుపు వేసి, గరిటెతో నొక్కితే ముక్క నలిగేదాకా ఉడికించి నీళ్లు వార్చేయండి. పలుకు మిగిలితే గొంతు పట్టుకుంటుంది. ఆ తర్వాత బచ్చలి, చింతపండు గుజ్జు వేసి దగ్గర పడనిచ్చి, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టండి. దించి చల్లారాకే ఆవ కలపాలి, వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. కంద చాలా నూనె పీలుస్తుంది కాబట్టి వేపుడు ఎప్పుడో ఒకసారి చాలు.

ఎంత తినాలి? కప్పు కూర తింటే అరకప్పు అన్నం తగ్గించండి. మధుమేహం ఉన్నవాళ్లు తిన్న రెండు గంటలకు షుగర్ చూసుకుంటే తమకెంత పడుతుందో తెలుస్తుంది.

ఎవరికి జాగ్రత్త? మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవాళ్లకు ఈ కూర అంత మంచిది కాదు. కందలోనే కాదు, బచ్చలిలోనూ ఆక్సలేట్లు ఎక్కువే. తినాలనిపిస్తే కొద్దిగా తిని, అదే భోజనంలో పెరుగు వేసుకోండి. పెరుగులోని కాల్షియం ఆక్సలేట్లను పేగుల్లోనే పట్టేస్తుంది. మూత్రపిండాల జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవాళ్లు డాక్టరును అడగకుండా కంద ముట్టుకోవద్దు. తిన్నాక నాలుక, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.