పెరటి కాపుతో, మిగులుతో వారం రోజుల రాత్రి వంట

రాత్రికి ఏం వండాలన్న ప్రశ్నకు సాయంత్రం ఆరు గంటలకు వంటగదిలో నిలబడి సమాధానం వెదికితే సాధారణంగా బంగాళాదుంప వేపుడే తోస్తుంది. అదే ప్రశ్నను పొద్దున మొక్కలకు నీళ్ళు పోస్తూ వేసుకుంటే పాదులే సమాధానం చెబుతాయి. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి వెనుక జాగా ఒక సెంటుకు మించదు. అందులో ఒక కరివేపాకు చెట్టు, ఒక నిమ్మ చెట్టు, గోడవార దొండ పందిరి ఉన్నాయి. డాబా మీద తొట్లలో గోంగూర, తోటకూర, బెండ, వంగ, పచ్చిమిర్చి, పిట్టగోడ మీదికి పాకించిన బీర, సొర, పొట్ల పాదులు ఉన్నాయి. శ్రావణ భాద్రపదాలలో ఈ కాపు ఐదుగురున్న ఇంటికి రాత్రి కూరలకు దాదాపు సరిపోతుంది. ఉల్లిపాయలు, చిలగడదుంపలు, గుమ్మడి ముక్క మాత్రం ఆదివారం ఉదయం పటమట రైతుబజారులో తెచ్చుకుంటాం.

వారం మొత్తానికి ముందుగా వంటల పట్టిక రాసుకోవడం నాకు ఎన్నడూ కలిసి రాలేదు, ఎందుకంటే పట్టికలో బుధవారం బెండకాయ అని ఉన్నంత మాత్రాన చెట్టు బుధవారం దాకా ఆగదు. వంటల పేర్లు రాసుకోవడం కంటే, ఏది ముందు పాడవుతుందో ఆ వరుస తెలిసి ఉండడం ముఖ్యం. కోసిన ఆకుకూర ఒక్క రోజులో వాడుతుంది. బెండకాయ రెండు మూడు రోజులకు ముదురు వాసన వేస్తుంది. బీర, పొట్ల మూడు నాలుగు రోజులు నిలుస్తాయి. తరగని సొరకాయ వారం ఉంటుంది. పండిన గుమ్మడి నెలల తరబడి అటక మీద కూర్చుంటుంది. వండినవాటికీ ఇలాంటి వరుసే ఉంది: కొబ్బరి వేసినది అన్నింటికంటే ముందు చెడుతుంది, తరువాత పప్పు, అన్నం, వాటి తరువాత నూనెలో బాగా వేగిన కూర, చింతపండుతో కాచిన పులుసు అన్నింటికంటే చివర. ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టుకుంటే వారం తనంతట తానే కుదురుతుంది.

సోమవారం ఆకుకూరతో మొదలుపెట్టాలి. గోంగూరను వేళ్ళతో సహా పీకకుండా కొసలు మాత్రం తుంచితే పక్క కొమ్మలు వేసి మళ్ళీ చిగురిస్తుంది. ఎర్ర కాడ గోంగూరకు పులుపు ఎక్కువ కనుక పప్పులో చింతపండు అక్కరలేదు. తెల్ల కాడది అయితే కొద్దిగా వేయాలి. ఇక్కడ అసలు కిటుకు ఆకులో లేదు, పప్పులో ఉంది. ఆ రాత్రికి ఒక గ్లాసు కందిపప్పు చాలు అనిపించినా ఒకటిన్నర గ్లాసు ఉడికించి, గోంగూర కలపడానికి ముందే మూడో వంతు ముద్దపప్పును విడిగా తీసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి. తాలింపు పడి, ఆకు కలిసిన పప్పు మరునాటికి మళ్ళీ అదే పప్పుగా మిగులుతుంది. ఏమీ కలపని పప్పు మాత్రం ఏ రూపానికైనా ఒదుగుతుంది. మిగిలిన గోంగూరను అదే పూట నూనెలో మగ్గించి, ఎండుమిర్చి, ధనియాలు, మెంతులు వేయించి కలిపి రోట్లో నూరి పచ్చడి చేసుకుంటే అది గురువారం పనికొస్తుంది.

తీసి ఉంచిన ముద్దపప్పు మంగళవారం పప్పుచారు అవుతుంది. సొరకాయ ముక్కలు, రెండు ములక్కాడ ముక్కలు దొరికితే అవీ, చింతపండు పులుసులో ఉడికాక పప్పును మెదిపి కలిపి, ఇంగువ తాలింపు పెట్టాలి. పక్కన బెండకాయ వేపుడు ఉంటే చాలు. అయితే సొరకాయ విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి: పెరట్లో కాసిన సొర, బీర, పొట్ల కాయలు ఒక్కొక్కప్పుడు చేదెక్కుతాయి. కాయ కోసిన వెంటనే చిన్న పచ్చి ముక్క నాలుకకు తగిలించి చూసి, చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ మొత్తాన్ని పారవేయాలి. ఆ చేదు విషపదార్థం వల్ల వస్తుంది, ఉడికించినా పోదు, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. కష్టపడి పెంచిన కాయ కదా అని బెల్లం వేసి సర్దుబాటు చేయడం ఇక్కడ పనికిరాదు.

బుధవారం బీరకాయ. ఈ కాయకు నేను పక్షపాతినని ఒప్పుకుంటాను, ఎందుకంటే ఒకే కాయ రెండు పూటల భోజనం అవుతుంది. గోరు గుచ్చితే సులువుగా దిగే లేత కాయలు కోసి, తొక్క తీయకముందే బాగా కడిగి, నిలువు ఈనెల మీది పీచును చాకుతో గీకి పారేసి, ఆ తరువాత మందంగా చెక్కు తీయాలి. గుజ్జును పచ్చిమిర్చి, ఉల్లిపాయలతో మగ్గించి, దించే ముందు అర గ్లాసు కాచిన పాలు పోస్తే కూర కమ్మగా వస్తుంది. నీళ్ళు పోయనక్కరలేదు, బీరకాయలోనే కావలసినంత నీరు ఉంటుంది. చెక్కును అలాగే దాచితే మరునాటికి నల్లబడుతుంది కనుక, అదే రాత్రి రెండు చెంచాల నూనెలో తడి పూర్తిగా ఆరేదాకా వేయించి ఉంచాలి. మరునాడు మినప్పప్పు, జీలకర్ర, ఆరేడు పచ్చిమిర్చి వేయించి, ఉసిరికాయంత చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు చేర్చి బరకగా నూరితే తొక్కు పచ్చడి సిద్ధం. మిక్సీలో వేస్తే రెండు మూడు సార్లు ఆపి ఆపి తిప్పాలి. మెత్తని ముద్ద అయిపోతే ఆ పచ్చడికి రుచి ఉండదు.

అన్నం సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. ఐదుగురికి రాత్రి అర కిలో బియ్యం సరిపోతాయి. బుధవారం మాత్రం మరొక పావు కిలో ఎక్కువ వండాలి. మన ఇళ్ళలో ఎక్కువగా వండే సాంబా మసూరి, అంటే 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన బీపీటీ 5204 బియ్యం, ఏడాది పాతవైతే అన్నం పొడిపొడిగా నిలిచి మరునాటి పులిహోరకు చక్కగా కుదురుతుంది. కొత్త బియ్యం అయితే అన్నం ముద్ద కడుతుంది కనుక దానిని దద్దోజనానికి మళ్ళించడమే మేలు. మిగలబోయే అన్నాన్ని గిన్నెలో మూతపెట్టి పొయ్యి పక్కన వదిలేయకూడదు. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవుల బీజాలు ఉడికించినా చావవు. గోరువెచ్చని అన్నంలో అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పరిచి చల్లార్చి, వండిన రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడే వాడేయాలి. బెజవాడ ఎండల్లో ఒక మే నెల రాత్రి బద్ధకించి గిన్నెను బయటే వదిలి, పొద్దున్నే ఆ అన్నంతో పులిహోర కలిపినందుకు ఇంటిల్లిపాదీ రెండు రోజులు మజ్జిగతో గడిపారు; ఆ తరువాత నేను ఈ విషయంలో ఎవరి మాటా వినడం లేదు.

గురువారం రాత్రికి ఆ అన్నాన్ని విడదీసి, సోమవారం నాటి గోంగూర పచ్చడి నాలుగు చెంచాలు, వేరుశనగ గుళ్ళు, శనగపప్పు, కరివేపాకు తాలింపుతో కలిపి, పొగలు వచ్చేదాకా వేడి చేస్తే గోంగూర పులిహోర. దానిలోకి మరే కూరా అక్కరలేదు. పెరుగన్నంలోకి మాత్రం బీర తొక్కు పచ్చడి వేసుకోవచ్చు. ఒకసారి వేడి చేసినది మిగిలితే మళ్ళీ దాచవద్దు. గురువారమే ఒక గ్లాసు మినప్పప్పు నానబెట్టి రుబ్బి, కడిగి పిండిన రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కలిపి పులియబెట్టాలి. శుక్రవారం ఉదయం ఇడ్లీలకు కొంత పోగా మిగిలిన పిండిని ఫ్రిజ్‌లో పెట్టాలి.

శుక్రవారానికి ఇంట్లో పెరుగు పుల్లబడి ఉంటుంది. మంగళవారం వాడగా మిగిలిన సగం సొరకాయను ముక్కలు చేసి ఉడికించి, నానిన శనగపప్పు, అల్లం, పచ్చిమిర్చి, ధనియాలు నూరి కలిపి, చిలికిన పెరుగు పోసి సన్న సెగ మీద తిప్పుతూ ఉంటే మజ్జిగ పులుసు అవుతుంది. సెగ పెద్దదైతే విరిగిపోతుంది. పక్కన దొండకాయ వేపుడు. లోపల ఎర్రబడిన దొండకాయలు వేపుడులో పుల్లగా తగులుతాయి కనుక వాటిని ఏరి పచ్చడికి ఉంచాలి.

శనివారం రాత్రి చాలా ఇళ్ళలో అన్నం తినరు, ఫలహారమే. పులిసిన పిండికి ఇంతకంటే మంచి రోజు లేదు. పిండి గట్టిగా ఉంటే మందపాటి మూకుడులో నూనె వేసి, రెండంగుళాల మందాన పోసి, మూతపెట్టి సన్న సెగ మీద అడుగు ఎర్రబడేదాకా కాల్చి తిరగవేస్తే దిబ్బరొట్టె. మరీ పులిసిందనిపిస్తే కాస్త బియ్యప్పిండి, ఉల్లిపాయ, జీలకర్ర చేర్చి పునుగులు వేయాలి. సాయంత్రం వీధి బండి మీద తినే పునుగుల రుచి ఎరిగిన ఊరు కనుక పిల్లలు పోల్చి చూస్తారు. జారుగా ఉన్న పిండి నూనె తాగుతుంది. నీళ్ళు చుక్క కూడా కలపకుండా, చేతి నుంచి బరువుగా జారేలా ఉండాలి.

ఆదివారం రాత్రికి మూలల్లో మిగిలినవన్నీ తీయాలి: పొట్లకాయ సగం, రెండు వంకాయలు, నాలుగు బెండకాయలు, చిలగడదుంప, గుమ్మడి ముక్క. ఇవన్నీ కలిస్తేనే ముక్కల పులుసు. ఒక్క కూరతో చేసినది ఈ రుచికి రాదు. ఆలస్యంగా ఉడికే దుంప, గుమ్మడి ముందు వేసి, వంకాయ, పొట్ల తరువాత, వేయించిన బెండ చివర వేయాలి. చింతపండు రసం, పసుపు, ఉప్పు, నిమ్మకాయంత బెల్లం వేసి, చిక్కదనానికి బియ్యం కడిగిన రెండో నీళ్ళు పోసి మరిగిస్తే శనగపిండి కలపవలసిన అవసరం ఉండదు. మొదటి కడుగు నీళ్ళు, కూరల చెక్కులు మొక్కల మొదళ్ళకు పోతాయి. పులుసును మధ్యాహ్నమే కాచి పెడితే రాత్రికి ముక్కలకు పులుపు పట్టి ఉంటుంది. మిగిలిన గిన్నెడు సోమవారం మధ్యాహ్నం అన్నంలోకి సరిపోతుంది, రాత్రికి ఎలాగూ గోంగూర మళ్ళీ చిగురు వేసి ఉంటుంది.