కరువు పని డబ్బు ఊళ్లో తిరిగిందా? అప్పుల పుస్తకంలో ఇలా చూడండి

మాది అనంతపురం జిల్లా, నార్పల పక్క పల్లె. 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకం మొదలుపెట్టిన బండ్లపల్లి మాకు దగ్గరే. మేం మాత్రం దాన్ని కరువు పని అనే అన్నాం. నాది చిల్లర అంగడి. పనుల్లేని కాలంలో ప్రభుత్వం డబ్బు ఖర్చు పెడితే లాభమా, దండగా అని టీవీలో వాదించుకుంటుంటే నేను అప్పుల పుస్తకం తీస్తాను. మీకూ తెలిసిన అంగడాయన ఉంటే అడిగి చూడండి.

కూలి డబ్బు పడిన నెల పేజీలు, అంతకుముందు నెల పేజీలు పక్కపక్కన పెట్టుకోండి. రోజు అమ్మకం ఒక్కటే చూస్తే మోసపోతారు. చేతిలో డబ్బు పడగానే జనం ముందు పాత బాకీ తీరుస్తారు. 2020లో లాక్‌డౌన్ దెబ్బకు బెంగళూరు నుంచి పిల్లలతో తిరిగొచ్చిన ఒకామె కరువు పనికి పోయింది. అప్పుడు రోజుకూలి 237 రూపాయలు. మొదటి డబ్బు పడినరోజు 900 నా చేతిలో పెట్టి, పుస్తకంలో కొట్టేసేదాకా నిలబడింది. సరుకేమీ కొనలేదు. మరుసటి వారం అరకిలో కందిబ్యాళ్లు, నూనె ప్యాకెట్ తీసుకుపోయింది. ఆ 900 నేను అనంతపురం హోల్‌సేల్ అంగట్లో కట్టి కొత్త సరుకు దింపుకున్నాను. అందుకే తీరిన బాకీనీ లెక్కలో వేసుకోండి.

ధరలు కూడా చూడాలి. అంగడి నిండా సరుకుండి కొనేవాళ్లు లేనప్పుడు డబ్బొస్తే రేట్లు పెద్దగా కదలవు. లారీలే రాని రోజుల్లో వస్తే పెరుగుతాయి.

ఆ డబ్బు కూలా, అప్పా అన్నది తేల్చుకోండి. 2020లో 20 లక్షల కోట్ల ప్యాకేజీ అన్నారు గానీ అందులో చాలా భాగం అప్పులు, వాటికి హామీలే. గిరాకీ లేని అంగడికి అప్పిస్తే నేనేం చేసుకోవాలి? ఉపాధి హామీకి అదనంగా ఇచ్చిన 40,000 కోట్లు వేరు, అవి కూలిగా వచ్చాయి.

చివరగా తేదీలు. పని చేసిన రోజు, డబ్బు పడిన రోజు రెండూ రాయించుకోండి. చట్టం ప్రకారం 15 రోజుల్లో రావాలి. ఒక ఎండాకాలం మా ఊరికి రెండు నెలలు రాలేదు. అందరూ మట్టి పనికి పోతూనే ఉన్నారు, నా దగ్గర అప్పు రాయిస్తూనే ఉన్నారు. పాత పుస్తకం నిండిపోయి, నడుమలోనే కొత్తది కొన్నాను.