క్రాంపుస్ రాత్రికి వెళ్తున్నారా? ముందు పిక్కలు కాపాడుకోండి

డిసెంబర్ 5 సాయంత్రం ఆస్ట్రియాలో ఆల్ప్స్ కొండల నడుమ ఏదైనా ఊరి వీధిలో నిలబడితే ముందు గంటల మోత వినిపిస్తుంది. ఆవుల మెడలో కట్టేంత గంటలను నడుము వెనక కట్టుకుని వేషగాళ్లు ఎగురుతూ వస్తారు. ఆ వెనకే మేకతోళ్ల వాసన. చివరికి చీకట్లోంచి కొమ్ములు కనబడతాయి. వాడే క్రాంపుస్. మర్నాడు సెయింట్ నికోలస్ పండుగ. బుద్ధిగా ఉన్న పిల్లలకు కాయలూ పళ్లూ మిఠాయిలూ పంచేది నికోలస్, మాట వినని వాళ్లను హడలగొట్టేది ఈ కొమ్ములవాడు.

జర్మనీలోని మ్యూనిక్‌లో చదువుకునే మన పిల్లలకు ఆస్ట్రియా నగరం సాల్జ్‌బుర్గ్ రైల్లో సుమారు రెండు గంటల దూరం. ‘ఒకసారి చూసొద్దాం’ అని బయల్దేరడం తేలికే. అయితే ఎక్కడికి వెళ్తున్నారన్నది ముందు తేల్చుకోండి. సగం జాగ్రత్త అందులోనే ఉంది.

క్లాగెన్‌ఫుర్ట్, గ్రాజ్ వంటి నగరాల్లో జరిగేది ఊరేగింపు. రోడ్డుకు రెండు పక్కలా ఇనుప కంచెలు, నిర్వాహకులు, చాలాచోట్ల వేషగాళ్ల ఒంటి మీద నంబర్లు కూడా ఉంటాయి. మ్యూనిక్ నడిబొడ్డు చౌరస్తా మరియెన్‌ప్లాట్స్‌లోనూ డిసెంబర్‌లో ఒక క్రాంపుస్ పరుగు, అంటే ఈ వేషగాళ్ల ఊరేగింపు, ఉంది. మొదటిసారి చూసేవారికి ఇవే మేలు. ఆస్ట్రియాలోని గాస్టైన్ లోయ సంగతి వేరు. అక్కడ ‘పాస్’ అనే చిన్న దళం, అంటే నికోలస్, దేవదూత, బుట్ట మోసేవాడు, కొందరు క్రాంపుస్‌లు, ఇంటింటికీ తిరుగుతారు. అది వాళ్ల ఊరి పండుగ, మనకోసం పెట్టిన ప్రదర్శన కాదు. తలుపు తెరిచి ఉంది కదా అని ఎవరింట్లోకీ వెళ్లకూడదు, పిలిస్తేనే వెళ్లాలి. రెండు దళాలు ఎదురైతే క్రాంపుస్‌లు ఒకరినొకరు ఒంటితో ఢీకొట్టుకోవడం అక్కడి ఆనవాయితీ. ఫోటో కోసం వాళ్ల మధ్యకు దూరితే నలిగేది మీరే. తూర్పు టిరోల్‌లోని మాట్రై ఇంకా మొరటు. ‘క్లౌబౌఫ్’ అని పిలిచే అక్కడి వేషగాళ్లు కుస్తీ పట్టి మనుషుల్ని నేల మీద పడేస్తారు. తోడుగా స్థానికులు లేకుండా అక్కడికి వెళ్లవద్దనే చెబుతాను.

ఇక దెబ్బల సంగతి. బోనాల్లో పోతరాజు కొరడా ఝళిపిస్తూ వస్తుంటే జనం పారిపోరు, రెండడుగులు వెనక్కి జరిగి దారి ఇస్తారు. ఇక్కడా చేయాల్సింది అదే. తేడా ఒక్కటే. పోతరాజు కొరడా ఎక్కువగా తన ఒంటి మీదే పడుతుంది, క్రాంపుస్ చేతిలోని బర్చ్ చెట్టు రెమ్మల కట్టో గుర్రపు తోక వెంట్రుకల కొరడానో మీ పిక్కల మీద పడుతుంది. సాధారణంగా మోకాలి కిందే కొడతారు. నేను మొదటిసారి పల్చటి ప్యాంటుతో వెళ్లి, తేలిన వాతలు మూడు రోజులు చూసుకున్నాను. లోపల థర్మల్, పైన మందపాటి జీన్స్, మోకాలి దాకా బూట్లు వేసుకుంటే దెబ్బ చప్పుడే తప్ప మంట ఉండదు. బూట్ల అడుగు జారనిదై ఉండాలి. నిజం చెప్పాలంటే కొరడా కన్నా ప్రమాదం మంచు గడ్డకట్టిన రాళ్ల బాట మీద పరుగెత్తడమే.

పరుగెత్తితే వెంటపడతారు, వాళ్ల ఆట అదే. నిలబడి పక్కకు తిరిగితే చాలాసార్లు మరొకరిని వెతుక్కుంటూ పోతారు. కొమ్ములు పట్టుకోవద్దు, ముసుగు లాగవద్దు. చెక్కతో చెక్కిన ఆ ముసుగు, కొమ్ములు కలిపి కిలోల బరువు. లాగితే లోపలి మనిషి మెడ పట్టేస్తుంది. కంటి రంధ్రాలు చిన్నవి కాబట్టి అతనికి పక్కనున్నది కనబడదు. మీరు తప్పుకుంటేనే తప్పుకున్నట్టు. వేలాడే చున్నీ, మెడలో కెమెరా తాడు, పెద్ద చెవి రింగులు వద్దు. మఫ్లర్ కొసలు కోటు లోపల దోపుకోండి. అమ్మాయిల వెంట ఎక్కువగా పడటం పాత అలవాటు. అది హద్దు దాటితే మొహమాటపడకుండా ‘నైన్’ అని గట్టిగా అరవండి. జర్మన్‌లో వద్దు అని అర్థం. నంబరు ఉంటే గుర్తుపెట్టుకుని నిర్వాహకులకు చెప్పండి. ఆస్ట్రియాలో పోలీసులు 133, అంబులెన్స్ 144, ఏది గుర్తురాకపోయినా 112.

వేడి మసాలా వైన్, గ్లూవైన్, చలిలో తియ్యగా దిగుతుంది. జనమూ తాగి ఉంటారు, ఒక్కోసారి ముసుగు లోపలివాడూ. రాత్రి గడిచేకొద్దీ ఆట ముదురుతుంది. డిసెంబర్‌లో నాలుగున్నరకల్లా పొద్దుగూకుతుంది కాబట్టి ఊరేగింపు మొదట్లోనే చూసి బయటపడటం నాకు నచ్చే పద్ధతి. పల్లెల నుంచి ఆఖరి బస్సు పెందరాళే పోతుంది, వేళ ముందే చూసుకోండి. చలికి ఫోను బ్యాటరీ పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి.

పిల్లల విషయంలో మాత్రం మన ఇళ్లలో బూచాడి పేరు చెప్పి అన్నం తినిపించే అలవాటు ఇక్కడ పనికిరాదు. ‘అల్లరి చేస్తే వీడు పట్టుకుపోతాడు’ అని నవ్వుతూ అన్నా సరే, నిజంగా కొమ్ములవాడు ఎదురొచ్చినప్పుడు బిడ్డకు ఆ మాటే గుర్తొస్తుంది. చాలా ఊళ్లలో చిన్నపిల్లల కోసం వెలుతురు ఉండగానే మెత్తటి పరుగు పెడతారు, ముసుగుల ప్రదర్శనలూ ఉంటాయి. ముందు అక్కడికి తీసుకెళ్లి, చెక్క ముసుగును తాకనివ్వండి. గంటల మోత చెవులు పగిలేలా ఉంటుంది, పసిపిల్లల్ని తీసుకెళ్లవద్దు.

కాగడాలు, రంగు మంటల పొగ ఉబ్బసం ఉన్నవారికి పడవు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు, మూర్ఛ వచ్చేవారు కంచెకు దూరంగా, ఏదైనా కాఫీ హోటల్ కిటికీ దగ్గర కూర్చోవడం మంచిది. భారత్ నుంచి షెంగెన్ వీసాతో వస్తే 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ ఉంటుంది. దాని కాగితం హోటల్ గదిలో కాదు, జేబులో ఉంచుకోండి.

డిసెంబర్ చివర్లో వస్తే కనబడేది క్రాంపుస్ కాదు, పెర్ఖ్తెన్. క్రిస్మస్ నుంచి జనవరి 6 దాకా చలికాలపు దుష్టశక్తుల్ని తరిమే వేషాలవి. కొమ్ములు, తోళ్లు దాదాపు ఒకటే, కాబట్టి పిక్కల జాగ్రత్తా ఒకటే.

పరుగు అయిపోయాక వెంటనే వెళ్లిపోకండి. వీధి చివర వాళ్లు ముసుగులు తీసి చంకలో పెట్టుకుని నిలబడతారు. అప్పటిదాకా మిమ్మల్ని తరిమినవాడు చూస్తే ఇరవై ఏళ్ల కుర్రాడు, నెత్తి నిండా చెమట, ఎవరి దగ్గరైనా మంచినీళ్లు ఉన్నాయా అని అడుగుతూ ఉంటాడు.