పండగ సేల్ రాత్రికి ముందు సర్వర్ల దగ్గర సర్దుకోవాల్సినవి

ఆన్‌లైన్ షాపింగ్ సైట్లో దసరా సేల్ ఇంకో మూడు వారాలు ఉందనగానే అందరూ చేసే మొదటి పని సర్వర్లు రెట్టింపు చేయడం. చేయండి, తప్పులేదు. కానీ నేను చూసినంతలో సర్వర్లు చాలక పడిపోయిన రాత్రులు తక్కువ. ఆపదకు పనికొస్తుందని దాచుకున్నదే సమయానికి చెయ్యివ్వడం వల్ల తెల్లారేదాకా కూర్చున్న రాత్రులే ఎక్కువ.

ముందు బ్యాకప్ సంగతి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సైట్ అది) ఒక ఇంజినీరు వేరే సర్వర్‌లో ఉన్నాననుకుని అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే చెరిపేశారు. తీరా చూస్తే రోజువారీ బ్యాకప్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతూ ఉంది, ఆ విషయం చెప్పాల్సిన మెయిళ్లు కూడా ఎవరికీ చేరడం లేదు! దాదాపు ఆరు గంటల ముందు చేత్తో తీసిపెట్టిన కాపీ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. అందుకే బ్యాకప్ జాబ్ పక్కన పచ్చటి టిక్ కనబడితే సంతోషపడకండి. ఈ వారంలోనే ఒక ఖాళీ మెషిన్ మీద రీస్టోర్ చేసి, ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. నాలుగు గంటలు పడుతుందని సేల్ రోజు రాత్రి తెలుసుకోవడం చాలా ఘోరంగా ఉంటుంది.

రెండోది, బావిలో పడ్డవాడికి అందించాల్సిన తాడు కూడా బావిలోనే ఉండటం. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ నెట్‌వర్క్ ఆరు గంటలపాటు పోయినప్పుడు దాన్ని బాగుచేయడానికి వాడే లోపలి టూల్స్ కూడా దానితోపాటే పోయాయి, ఇంజినీర్లు డేటా సెంటర్లకు స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. మీ రన్‌బుక్, అదే ఏది పడిపోతే ఏం చేయాలో రాసిపెట్టుకున్న కాగితం, ఎక్కడుంది? పడిపోబోయే ఆ క్లౌడ్‌లోనే కదా! ఒక కాపీ లాప్‌టాప్‌లో పెట్టుకోండి, ఫోన్ నంబర్లు కాగితం మీద రాసుకోండి. నవ్వుకున్నా పర్వాలేదు.

రీట్రైల దగ్గర, అంటే జవాబు రాకపోతే అదే రిక్వెస్టు మళ్లీ పంపడం దగ్గర, మేమే దెబ్బతిన్నాం. ఒకసారి పేమెంట్ సర్వీసు రెండు నిమిషాలు నెమ్మదించింది, అంతే. యాప్‌లో మూడు ప్రయత్నాలు, దాని కింది సర్వీసులో మళ్లీ మూడు, అంటే కస్టమర్ ఒక్కసారి నొక్కితే లోపల తొమ్మిది రిక్వెస్టులు. ఊపిరాడని మనిషి చుట్టూ జనం మూగినట్టయింది, కోలుకోవాల్సిన సర్వీసును మేమే నలభై నిమిషాలు లేవనివ్వలేదు. ఏదో ఒక్క పొరలోనే రీట్రై ఉంచండి, ప్రతిసారీ గ్యాప్ పెంచుతూ పోండి, అందులో కాస్త యాదృచ్ఛికత కలపండి, లేకపోతే అన్నీ ఒకే సెకనులో మళ్లీ వచ్చి పడతాయి.

ఇక సర్వర్లు రెట్టింపు చేశాం అన్నారు కదా, డేటాబేస్ కనెక్షన్లు లెక్కపెట్టారా? పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో మీరు మార్చకపోతే గరిష్ఠంగా 100. ఒక్కో యాప్ సర్వర్ ఇరవై పట్టుకుంటే ఐదింటికే ఖాళీ, ఆరోది లేచి నిలబడటమే దండగ.

సైట్ భద్రతా సర్టిఫికెట్ల గడువు, లాగ్‌లతో నిండే డిస్కు, క్లౌడ్ కంపెనీ మీకిచ్చిన సర్వర్ల కోటా, ఈ మూడూ ఒక మధ్యాహ్నం పని, వాయిదా వేయకండి.

ఆన్‌కాల్ పట్టిక, అంటే ఏదైనా పడిపోతే ఎవరికి ఫోన్ వెళ్లాలో ఆ వంతుల పట్టిక, వేసేముందు ఎవరెవరు ఊరెళ్తున్నారో అడగండి. మొదటి ఫోన్ వెళ్లాల్సిన మనిషి విజయవాడ హైవే మీద బస్సులో, ఒక గీత సిగ్నల్‌తో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఉంటే అది ఆన్‌కాల్ కాదు. ఆ వంతు ఊరెళ్లని వాళ్లకు వేసి, దీపావళికి వాళ్లను వదిలేయండి.