తెప్ప మీద సోలార్ దీపాలు పెట్టుకునేవాళ్లకి

కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి వైపు ఫైబర్ తెప్ప మీద రెండు మూడు రాత్రులు వేటలో ఉండేవాళ్లు ముందు వాడకం లెక్క వేసుకోండి. 5 వాట్ల ఎల్‌ఈడీలు రెండు, 10 గంటలు వెలిగితే రాత్రికి 100 వాట్ అవర్లు. జీపీఎస్, రెండు ఫోన్లకి ఇంకో 60. దీనికి 12 వోల్టుల 20 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే సుమారు 240 వాట్ అవర్లు) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 75 వాట్ల ప్యానెల్, లిథియం సెట్టింగ్ ఉన్న కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్‌ని అదుపు చేసే పెట్టె) చాలు. మబ్బు పట్టిందా, కోత ఫోన్లకే పెట్టండి, దీపాలకి కాదు.

అయితే ముందు పాడయ్యేది ప్యానెల్ కాదు, జాయింట్లు. ఉప్పుగాలికి మామూలు రాగితీగ ఇన్సులేషన్ లోపలే నల్లబడిపోతుంది; పైకి బాగానే కనిపిస్తుంది, కరెంటు మాత్రం రాదు. తగరం పూత ఉన్న 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ తీసుకోండి. మెలిపెట్టి టేపు చుడితే లోపల చెమ్మ ఉండిపోతుంది. తీగ చివర లగ్గు (బోల్టుకి బిగించే లోహపు కొస) నొక్కించి, వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ ట్యూబు వేసి, బోల్టు బిగించాకే పైన వ్యాజలీను రాయండి.

పాజిటివ్ తీగకి 10 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి. దూరంగా పెడితే మధ్యలో తీగ నలిగి షార్టయినప్పుడు అది ఉన్నా లేనట్టే.

కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్ కలపాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీయే వాడుతుంటే అడుగున నీళ్లు చేరే చోట పెట్టకండి: సెల్స్‌లోకి ఉప్పునీరు దిగితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ప్యానెల్ మీద ఉప్పుపొరని మంచినీటి తడిగుడ్డతో తుడవండి. వల నీడ ఒక మూల పడినా ఛార్జింగ్ బాగా పడిపోతుంది.