పడమటి కిటికీకి ఫిల్మ్ వేయించే ముందు

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని మన పెద్దలంటారు. ఆ కార్తెలో మొదటి తొమ్మిది రోజులను ఇక్కడి మరాఠీ వాళ్లు నవతపా అంటారు. పేరేదైనా మహారాష్ట్రలోని మన చంద్రపూర్, బల్లార్షాల్లో 46 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. కిటికీ అద్దాలకు ఎండ ఫిల్మ్, అంటే ఎండ వేడిని తగ్గించే పల్చటి ప్లాస్టిక్ పొర, వేయించాలనుకునేవాళ్లు మార్చిలోనే ఆ పని ముగించుకోండి. మేలో అద్దం కాలిపోతుంటుంది. ఫిల్మ్ సర్దేలోపే దాన్ని అతికించడానికి చల్లిన సబ్బునీళ్లు ఆరిపోయి మడతలు అలాగే ఉండిపోతాయి.

ముందు ఏ కిటికీకో తేల్చుకోండి. మే 20 ప్రాంతంలో మన ఊళ్లలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అందుకే ఆ రోజుల్లో దక్షిణం కిటికీలోంచి నేరుగా ఎండ పడదు. పొద్దున తూర్పుది, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పడమరది కాలుస్తాయి. డబ్బులు తక్కువుంటే పడమరకే పెట్టండి. కూలర్ కోసం ఎప్పుడూ తెరిచి ఉంచే కిటికీకి దండగ. ఇంటిపైన రేకులుంటే ఈ ముచ్చట పక్కన పెట్టి కప్పు సంగతి చూసుకోండి.

నల్లగా ఉంటే ఇల్లు చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. ఎండ తెచ్చే శక్తిలో దాదాపు సగం కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌ది. సెలెక్టివ్ ఫిల్మ్ దాన్ని చాలావరకు ఆపి వెలుతురును వదులుతుంది. మామూలు నల్ల ఫిల్మ్ వెలుతురును మింగి తానే వేడెక్కుతుంది, పట్టపగలు లైటు వేసుకోవాల్సి వస్తుంది. షాపులో రెండు అంకెలు అడగండి: వెలుతురు ఎంత శాతం వస్తుంది, ఎస్‌హెచ్‌జీసీ ఎంత అని. ఈ రెండోది ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుందో చెబుతుంది. ఉత్త అద్దానికి 0.8 పైనే ఉంటుంది. వెలుతురు 60 శాతం పైన ఉండి, ఇది 0.5 దరిదాపుల్లో ఉంటే మంచి సరుకే. షాపువాళ్లు వేడి బల్బు వెలిగించి ఫిల్మ్ వెనక చెయ్యి పెట్టమంటారు, దానికి పడిపోకండి. అలాంటి బల్బు ఇచ్చేదంతా దాదాపు ఇన్‌ఫ్రారెడే, ఎండ అలా కాదు.

అసలు భయం అద్దం పగలడం. రెండేళ్ల కింద మా పడమటి గదికి చవగ్గా వస్తుందని నల్ల ఫిల్మ్ వేయించాను. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం టప్‌మని చప్పుడు, ఫ్రేమ్ అంచు నుంచి వంకర గీత. ఫిల్మ్ వేడిని పీల్చి అద్దం నడిమి భాగాన్ని కాల్చింది, ఫ్రేమ్‌లో దాగిన అంచు మాత్రం చల్లగానే ఉంది. ఆ తేడాకు, అంచున ముందే ఉన్న చిన్న పెచ్చు తోడైంది. కాబట్టి అద్దం అంచులు బాగున్నాయో లేదో ముందే చూపించుకోండి. లోపల తీగ ఉన్న అద్దానికి, రెండు పొరల అద్దానికి ఆ అద్దానికి సరిపోతుందని కంపెనీ రాసిచ్చిన ఫిల్మ్ తప్ప వేరేది వద్దు. ఏసీ గాలి నేరుగా అద్దానికి కొట్టనివ్వకండి. అద్దం పగిలితే ఎవరు భరిస్తారో బిల్లు మీద రాయించుకోండి. నోటి మాట నమ్మినందుకు అద్దం డబ్బులు నేనే కట్టుకున్నాను.

మన దగ్గర బొగ్గు దుమ్ము సంగతి తెలిసిందే. ఫ్రేమ్ గాడిని ముందురోజే నీళ్లతో కడిగి ఉంచండి. ఒక్క రేణువు చిక్కినా అక్కడ బుడిపె లేస్తుంది.

వేశాక నెల దాకా తుడవకండి. అమోనియా ఉన్న క్లీనర్లు ఎప్పుడూ వాడకండి. మొదట్లో కనబడే నీటి బుడగలు ఎండకు వాటంతటవే పోతాయి, సూదితో గుచ్చకండి. మా చిన్నోడు గుచ్చిన చోటు ఇప్పటికీ కనబడుతుంది.