పాత మారుతి 800ని మళ్ళీ రోడ్డెక్కించాలంటే ముందుగా బానెట్ కింది రేకు ప్లేట్ చదవండి

పాత 800 కొత్తగా కొన్నారో, మా ఇంట్లోలాగా నాన్నగారిది షెడ్డులో కవర్ కింద ఉండిపోయిందో, ఏదైనా సరే ముందే టింకరింగ్‌కి ఇచ్చేయకండి, ఆర్సీ చేతిలో పెట్టుకుని బానెట్ ఎత్తండి.

ఇంజన్ వెనక గోడ మీద చిన్న రేకు ప్లేట్, బాడీ మీద గుద్దిన చాసిస్ నంబరు చూడాలి. గుడ్డకి కాస్త కిరోసిన్ అద్ది జిడ్డు తుడవండి, వైర్ బ్రష్, ఎమరీ పేపర్ మాత్రం వద్దే వద్దు. మా బండికి వెనకటి పెయింటర్ నంబరు మీదే స్ప్రే కొట్టేశాడు, ఎంత చూసినా 8 ఏదో 3 ఏదో తెలీలేదు, చివరికి పల్చటి కాగితం అంటించి పెన్సిల్ పడుకోబెట్టి మెల్లగా రుద్దితే ఒక్కో అక్షరం తెల్లగా పైకి తేలింది, ఆ కాగితం ఇప్పటికీ ఆర్సీతోనే దాచుకున్నా.

ఇప్పుడు చదవడం. 17 అక్షరాల నంబరైతే మొదటి మూడు ఎంఏ3 ఉండాలి, అందులో ఎంఏ అంటే ఇండియా, మూడూ కలిపితే మారుతి. మధ్యలోవి మోడల్, ఇంజన్ వివరాలు, చివరి అంకెలు సీరియల్ నంబరు. ఈ 17 అక్షరాల పద్ధతిలో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నానే. ఇంకా పాత బండ్లకి నంబరు పొట్టిగా ఉంటుంది, మోడల్ కోడ్ చూసుకోండి: 1983లో వచ్చిన మొదటి షేపు ఎస్ఎస్80, 1986లో మారిన షేపు ఎస్‌బి308. స్పేర్లు కొనేటప్పుడు ఇది చాలా ముఖ్యం, ఎస్ఎస్80 బాడీ సామాన్లు తర్వాతి దానికి పట్టవు. ఇంజన్ నంబరు ఎఫ్8బి అని మొదలైతే అది మన మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజనే. ఆర్సీలో ఒక ఇంజన్ నంబరు, ఇంజన్ బ్లాక్ మీద ఇంకోటి ఉంటే ఇంజన్ మార్చారన్నమాట, అది ఆర్టీఓలో ఎక్కించేదాకా పెయింట్ మీద పైసా పెట్టొద్దు.

నంబర్లు కలిశాయా, అయితే లోపల మ్యాట్లు అన్నీ పీకేసి ఫ్లోర్ చూడండి, బ్యాటరీ కింద ట్రే కూడా. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే దిగిపోయే చోట పుట్టీ కాదు, తుప్పు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి, పుట్టీతో పూడ్చింది ఒక్క వానాకాలం దాటదు. వెల్డింగ్ టైంలో బ్యాటరీ తీసేయండి, ప్లేట్‌కి మాస్కింగ్ టేప్ దగ్గరుండి మీరే వేయండి.

ఏళ్ళుగా కదలని బండిని ఊరికే స్టార్ట్ చేయకండి, పాత పెట్రోల్ వంచేసి, ఆయిల్, కూలెంట్, టైమింగ్ బెల్ట్ మార్చి, కార్బొరేటర్ విప్పి కడిగించాకే తాళం తిప్పండి. బ్రేక్ గొట్టాలు, వీల్ సిలిండర్లు బాగున్నట్టే కనిపించినా మార్చేయడమే మంచిది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 2312 అంటే 2012లో 23వ వారం, పెద్దగా అరగకపోయినా అంత పాతది వాడొద్దు.

రంగు మార్చాలనుకుంటే ముందే ఆర్టీఓ పర్మిషన్ తీసుకోండి. 15 ఏళ్ళు దాటిన బండి ఆర్సీ రెన్యువల్‌కి ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, అప్పుడు చాసిస్ నంబరు చూస్తారు, అది స్పష్టంగా కనిపించాలి.